సీరియస్ గేమ్స్: ముందు పాఠం, తర్వాతే సాఫ్ట్‌వేర్

ఒక పాఠాన్నో పనినో నేర్పడానికి తయారుచేసే ఆటలే సీరియస్ గేమ్స్. అమెరికా పరిశోధకుడు క్లార్క్ ఆప్ట్ 1970లో ఇదే పేరుతో పుస్తకం రాశాడు. బడి పాఠాలకు, నర్సింగ్ శిక్షణకు, ఫ్యాక్టరీ భద్రతకు ఇవి ఉపయోగపడుతున్నాయి.

ఈ రంగంలోకి రావాలంటే ఇంటర్ కాగానే ఖరీదైన గేమింగ్ కోర్సులో చేరాల్సిందేనని చాలామంది తల్లిదండ్రులు నమ్ముతున్నారు. అది అపోహ. 1971లో వచ్చిన ‘ఆరెగన్ ట్రెయిల్’ అనే ఆటను తయారుచేసింది ముగ్గురు కాలేజీ విద్యార్థులు. వారిలో డాన్ రావిట్ష్ మినియాపొలిస్ బడిలో చరిత్ర బోధిస్తూ ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్నాడు. మిగతా ఇద్దరికీ ప్రోగ్రామింగ్ తెలుసు. ఆ ఆటకు బొమ్మల్లేవు, తెర కూడా లేదు. టెలిటైప్ యంత్రం కాగితం మీద అచ్చువేసే వాక్యాలే ఆట. పడమటికి వలసపోయే కుటుంబం చేతిలో ఉన్న డబ్బులో ఎడ్లకెంత, తిండికెంత, తూటాలకెంత పెట్టాలో పిల్లలే తేల్చుకోవాలి. లెక్క తప్పితే ప్రయాణం దారిలోనే ఆగిపోతుంది. పాఠం ఆ నిర్ణయాల్లోనే ఉంది.

ఉద్యోగుల శిక్షణలోనూ అంతే. ఒక శిక్షణ ఆటలో కరెంటు ప్యానెల్‌లో మంట లేచిందనుకోండి. పక్కనే నీళ్ల బకెట్, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్, మెయిన్ స్విచ్ ఉన్నాయి. సరైన బొమ్మ నొక్కితే పది పాయింట్లు ఇచ్చేది క్విజ్ మాత్రమే. మెయిన్ ఆపకుండా నీళ్లు పోస్తే షాక్ కొట్టడం, ఆలస్యం చేస్తే పొగ కమ్మి దారి కనపడకపోవడం చూపిస్తే అది శిక్షణ. అలా తయారుచేయాలంటే ముందు ఎలక్ట్రీషియన్‌తో కూర్చుని మాట్లాడాలి.

అందుకే ఈ రంగానికి బీటెక్, బీఈడీ, నర్సింగ్, సైకాలజీ ఏదైనా పునాదే. చదువుతున్న డిగ్రీని వదలకుండా, వేరే శాఖ మిత్రులతో కలిసి చిన్న ఆటలు తయారుచేయడమే అన్నిటికన్నా మంచి దారి. ఆటలు తయారుచేసే గొడో, త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితమే. ప్రత్యేకంగా చదవాలనుకుంటే డిగ్రీ తర్వాత నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ) బెంగళూరులో డిజిటల్ గేమ్ డిజైన్ కోర్సు ఉంది, ప్రవేశానికి డాట్ అనే పరీక్ష రాయాలి. ఐఐటీ బాంబే, ఐఐటీ హైదరాబాద్ ఎం.డిజైన్ కోర్సులకు సీడ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి.

లక్షల ఫీజు అడిగే ప్రైవేటు సంస్థల విషయంలో మాత్రం గట్టి జాగ్రత్త అవసరం. ‘నూరు శాతం ప్లేస్‌మెంట్’ అన్న బోర్డు చూసి పొలం తాకట్టు పెట్టకూడదు. పాత విద్యార్థులు చేసిన ఆటలు ఆడి చూడాలి, వాళ్లిప్పుడు ఏ ఉద్యోగంలో ఉన్నారో వాళ్లనే అడగాలి. యూట్యూబ్‌లో ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ పాఠాలనే ఏడాది పాటు చెప్పే కోర్సు అప్పు చేసి చదవదగ్గది కాదు. సర్టిఫికెట్ చేతికొచ్చినా పని రాకపోతే ఆ వడ్డీ కట్టాల్సింది కుటుంబమే.

పిల్లవాడు రోజంతా ఫోన్‌లో ఆడుతున్నాడని అతన్ని గేమ్ డిజైనర్ చేయాలనుకోవడం ఎంత తప్పో, ఆట తయారుచేస్తున్న అమ్మాయిని ‘కోడింగ్ టెస్టుకు చదువుకో’ అని కసరడం అంతే తప్పు. ఆ ఆట కోసం ఆమె రాస్తున్నదీ కోడే.

ఉద్యోగ ప్రకటనల్లో ‘సీరియస్ గేమ్స్’ అన్న మాట అరుదు. ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్, లెర్నింగ్ డిజైనర్, సిమ్యులేషన్ డెవలపర్ పేర్లతో వెతకాలి. దరఖాస్తుతో పాటు పూర్తిచేసిన రెండు మూడు చిన్న ఆటలు పంపాలి. వాటిని ఎవరితో ఆడించారో, వాళ్లెక్కడ తికమకపడ్డారో, ఆ తర్వాత ఏం మార్చారో ఒక్కో పేజీలో రాసి జతచేయాలి.