ప్రశ్నను జనం కంచంలో వెతుకు

న్యూఢిల్లీ

చిరంజీవి అమ్మలూకి,



మానేసర్‌లో జాతీయ మెదడు పరిశోధన కేంద్రంలో నీకు పీహెచ్‌డీ సీటు వచ్చిందని మీ అమ్మ చెప్పినప్పటి నుంచీ నా సంతోషం పట్టలేకుండా ఉంది. హార్మోన్లు, మెదడు అంటే సముద్రమంత విషయమనీ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదనీ రాశావు. ఈ ఊళ్లో ఏళ్ల తరబడి బయోకెమిస్ట్రీ చెప్పినదాన్ని కనుక నాకు తోచింది చెబుతాను. ప్రశ్నను జనం తినే తిండిలోంచి, పడే బాధలోంచి తీసుకో. జవాబు దొరికాక దాన్ని మళ్లీ వాళ్ల ఇంటిదాకా చేర్చు.

ముందు మన శ్రీకాకుళం ఆయన సంగతి తెలుసుకో. వులిమిరి రామలింగస్వామి గారు 1921లో అక్కడ పుట్టి, విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదువుకున్నారు. ఢిల్లీ ఎయిమ్స్‌లో పాథాలజీ ప్రొఫెసర్‌గా చేసి, 1969 నుంచి పదేళ్లు దానికి డైరెక్టర్‌గా ఉన్నారు. అంతకు ముందే, 1956లో కాంగ్రా లోయలో ఆయన బృందం ఒక పెద్ద పరిశీలన మొదలుపెట్టింది. హిమాలయాల వాలుల్లో వానకీ మంచుకీ మట్టిలోని అయోడిన్ కొట్టుకుపోతుంది. అక్కడి మనుషుల గొంతుల్లో గాయిటర్ వాపులు సర్వసాధారణం. లోయను మూడు భాగాలు చేసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు సరఫరా చేశారు. ఆరేళ్లకి మళ్లీ చూస్తే అయోడిన్ అందినచోట గాయిటర్ దాదాపు సగానికి తగ్గింది. అందనిచోట ఎక్కడిదక్కడే ఉంది. ఆ వెంటనే మూడో భాగానికీ అయోడిన్ ఉప్పు పంపారు. పోల్చి చూడటానికి ఎవరిని పక్కన ఉంచామో, ఫలితం ముందు వాళ్లకే అందాలి. ఇది నువ్వు మరిచిపోకూడని పాఠం.

గొంతు వాపు పైకి కనిపించేది మాత్రమే. అసలు నష్టం మెదడుకి. థైరాక్సిన్ అణువులో నాలుగు అయోడిన్ పరమాణువులు ఉంటాయి. అయోడిన్ లేకపోతే ఆ హార్మోన్ తయారే కాదు. గర్భంలో బిడ్డ థైరాయిడ్ పని మొదలుపెట్టేదాకా, అంటే తొలి మూడు నెలలు, బిడ్డ మెదడు తల్లి థైరాక్సిన్ మీదే ఆధారపడుతుంది. నాడీకణాలు వాటి వాటి చోట్లకి చేరాలన్నా, తంతువుల మీద మైలిన్ పొర ఏర్పడాలన్నా ఈ హార్మోనే కావాలి. అప్పుడు లోటు పడితే తర్వాత ఎంత మందు వేసినా పూర్తిగా పూడదు. ఎయిమ్స్‌లోనే కొచ్చుపిళ్లై గారి బృందం ఉత్తరప్రదేశ్‌లోని గోండా, దేవరియా లాంటి మైదాన జిల్లాల్లో పుట్టిన పిల్లల బొడ్డుతాడు రక్తం పరీక్షించి, థైరాయిడ్ లోపం ఢిల్లీ పిల్లల్లో కంటే అక్కడ ఎన్నో రెట్లు ఎక్కువని చూపించింది. దాంతో గాయిటర్ కొండవాళ్ల జబ్బన్న మాట పోయి, పిల్లల తెలివితేటలకి సంబంధించిన జాతీయ సమస్య అయింది.

ఇప్పుడు నీ వంటింట్లో ఉప్పు ప్యాకెట్ తీసి చూడు. నవ్వుతున్న సూర్యుడి గుర్తు కనిపిస్తుంది. ఇంటికి చేరేసరికి కిలో ఉప్పులో కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలన్నది నియమం. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. దేశమంతటా అయోడిన్ లేని ఉప్పును తినడానికి అమ్మకూడదన్న నిషేధం ఒకసారి వచ్చి, 2000లో ఎత్తేసి, మళ్లీ 2006లో అమల్లోకి వచ్చింది. రుజువు దొరికిన రోజున పని ముగియలేదమ్మా. శాస్త్రవేత్తలు దశాబ్దాలపాటు ప్రభుత్వం వెంట పడాల్సి వచ్చింది.

రెండో ఉదాహరణ నువ్వు చేరిన చోటిదే. 1999లో ఆ సంస్థను స్థాపించినప్పుడు తొలి డైరెక్టర్ విజయలక్ష్మి రవీంద్రనాథ్ గారు. ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకున్నావిడ. కేసరి పప్పు ఎక్కువగా తిని కాళ్లు బిగుసుకుపోయే లాథిరిజం మగవాళ్లకే ఎక్కువగా వస్తుంది. ఎందుకని? ఆ పప్పులోని విషం నాడీకణాల మైటోకాండ్రియాను దెబ్బతీస్తుందని ఆవిడ బృందం తేల్చింది. ఆడ ఎలుకల్లో గ్లూటారెడాక్సిన్ అనే ఎంజైమ్ ఎక్కువగా ఉండి కాపాడుతోందనీ, దాన్ని నిలబెట్టేది ఈస్ట్రోజన్ అనీ చూపించింది. ఈస్ట్రోజన్ పనిని అడ్డుకుంటే ఆ రక్షణా సడలింది. మగ ఎలుకలతోనే సరిపెట్టుకుని ఉంటే ఈ సంగతి ఎప్పటికీ బయటపడేది కాదు. ఆడ ఎలుకలకి నెలసరి లాంటి చక్రం ఉంటుంది, లెక్కలు చెడిపోతాయని నీకూ ఎవరో ఒకరు చెబుతారు. వినకు. ఆ చక్రంలో ఏ దశలో ఉందో రాసుకుని, రెండు రకాల ఎలుకలతోనూ చెయ్యి.

రోజువారీ పనిలో ఇంకొక జాగ్రత్త. నమూనా తీసిన గంట తప్పకుండా రాసిపెట్టు. మనిషిలో కార్టిసాల్ ఉదయం ఎక్కువ, రాత్రికి తక్కువ. ఎలుకలో ఆ పని చేసేది కార్టికోస్టెరోన్, దాని క్రమం తిరగబడి ఉంటుంది. టైమ్ రాయని రక్తపు చుక్కతో ఒత్తిడి గురించి ఏం చెప్పినా నిలవదు. సంతకం, తేదీ, గంట ఉన్న పుస్తకమే నీ ఆస్తి.

మొదటి ఏడాది ల్యాబ్‌కే అంకితమైపోకు. నెలకొకసారైనా ఏదైనా ప్రభుత్వాసుపత్రి ఎండోక్రైన్ ఓపీలో కూర్చుని వినడానికి అనుమతి అడుగు. గర్భంతో ఉండి థైరాయిడ్ మాత్ర మానేసిన అమ్మాయి ఎందుకు మానేసిందో పేపర్లలో దొరకదు. ఆవిడే చెబుతుంది.

పరిశోధన ప్రతిపాదన రాసేటప్పుడు చివర ఒక్క వాక్యం చేర్చు: ఇది నిజమని తేలితే ఎవరి ఇంట్లో ఏం మారాలి? ఇప్పుడే జవాబు తెలియకపోయినా ఫరవాలేదు. ఏడాదికోసారి ఆ వాక్యం చదువుకుని, నీకు తెలిసిన మేరకు దిద్దుకో. దిద్దినప్పుడల్లా నాకూ పంపు, చదివి నా అభిప్రాయం రాస్తాను.

ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
మీ పెద్దమ్మ