బూచాడికి ముగింపు లేదు: పిల్లల కథల్లో భయం, భరోసా

"అంత భయంకరమైన కథలు చిన్నపిల్లలకు చెప్పవచ్చా?" అని తల్లిదండ్రులు తరచు అడుగుతుంటారు. తోడేలు మేకపిల్లలను మింగేస్తుంది. మంత్రగత్తె పిల్లవాణ్ణి బంధించి, బాగా మేపి తినాలని చూస్తుంది. పులి ఆవుకు అడ్డంగా నిలబడుతుంది. ఇవి విని పిల్లవాడు రాత్రి ఉలిక్కిపడి లేస్తే ఎలా? బి.ఇడి., సైకాలజీ చదువుతున్న విద్యార్థులకు ఇది ఒక పాఠం. ఇంట్లో చిన్నపిల్లలున్నవారికి రోజూ ఎదురయ్యే సమస్య.

ముందుగా ఒక తేడా గమనించాలి. భయం ఉన్న కథ వేరు, భయపెట్టే మాట వేరు. "అన్నం తినకపోతే బూచాడు ఎత్తుకుపోతాడు" అన్నది కథ కాదు. బూచాడు ఎలా ఉంటాడో, ఎక్కడుంటాడో, ఎలా ఓడిపోతాడో ఎవరూ చెప్పరు. తమిళనాట పూచ్చాండి, కన్నడనాట గుమ్మ, మరాఠీ ఇళ్ళలో బాగుల్ బువా - పేరు మారినా పద్ధతి ఒకటే. ఈ రాత్రి అన్నం తింటే వాడు వెళ్ళిపోతాడు, రేపు రాత్రి మళ్ళీ సిద్ధం. వాడికి ముగింపు లేదు.

పురందరదాసు కీర్తనల్లో ఒకటి కర్ణాటకలో పెరిగినవారికి బాగా తెలిసినదే. చిన్ని కృష్ణుడు గుమ్మణ్ణి పిలవవద్దని తల్లిని బతిమాలుకుంటాడు, బుద్ధిగా ఉంటానని ఒప్పుకుంటాడు. లోకాలను కాచేవాడు గుమ్మడికి భయపడటంలోనే ఆ పాట అందం. కాని మామూలు పిల్లవాడి వైపునుంచి ఆలోచించండి. భయం వేస్తే ఎవరి దగ్గరికి పరుగెత్తాలో, ఆ భయాన్ని పిలిచే మనిషి కూడా ఆమే! బూచి మాటలో ఉన్న అసలు చెడుగు ఇదేనని నా అభిప్రాయం.

తల్లి దగ్గరుందన్న నమ్మకం పిల్లలకు ఎంత అవసరమో లోతుగా పరిశీలించినవారు బ్రిటన్‌కు చెందిన జాన్ బౌల్బీ, ఆయనతో కలిసి పనిచేసిన మేరీ ఐన్స్‌వర్త్. తల్లి గాని, తల్లిలా చూసుకునే పెద్దవారు గాని పిల్లవాడికి 'భద్రమైన స్థావరం' అని వారు వివరించారు. ఆ స్థావరం గట్టిగా ఉన్న పిల్లవాడే ధైర్యంగా దూరం వెళ్ళి, బొమ్మలను, కొత్త మనుషులను చూసివస్తాడు. ఏడాది వయసున్న పిల్లలను తల్లితో ఒక కొత్త గదిలో ఉంచి, తల్లి కాసేపు బయటికి వెళ్ళి తిరిగివచ్చేలా ఐన్స్‌వర్త్ ఒక పరీక్ష రూపొందించారు. తల్లి వెళ్ళినప్పుడు పిల్లవాడు ఎంత ఏడ్చాడన్నదానికంటె, ఆమె తిరిగివచ్చినప్పుడు ఎలా ప్రవర్తించాడన్నదే ఎక్కువ విషయం చెప్పిందట. దగ్గరికి వచ్చి, ఓదార్పు పొంది, మళ్ళీ ఆటలో పడ్డాడా లేదా అన్నది ముఖ్యం.

ఇప్పుడు గ్రిమ్ సోదరుల జర్మన్ కథల్లోని తోడేలు, ఏడు మేకపిల్లల కథ చూడండి. తల్లి మేక మేతకు వెళుతూ, తోడేలు వస్తుందని, బొంగురు గొంతును, నల్లటి కాళ్ళను బట్టి దాన్ని గుర్తుపట్టాలని పిల్లలకు చెబుతుంది. తోడేలు సుద్ద తిని గొంతు మెత్తబరచుకుంటుంది, కాలికి పిండి పూసుకుంటుంది. మోసపోయిన పిల్లలు తలుపు తీస్తారు. ఆరుగురిని అది మింగేస్తుంది. గోడ గడియారం పెట్టెలో దాక్కున్న చిన్నది మాత్రం మిగులుతుంది. తల్లి తిరిగివస్తుంది, తోడేలు పొట్ట కోసి పిల్లలను ప్రాణాలతో బయటికి తీస్తుంది. పాపం అది పొట్టనిండా రాళ్ళతో బావిలో పడుతుంది. (ఈ 'పాపం' పెద్దవాళ్ళదే. పిల్లలు చప్పట్లు కొడతారు.) అందరికంటె చిన్నవాడే మిగలడం, అమ్మ తిరిగిరావడం - ఐదేళ్ళ పిల్లవాడికి ఇంతకంటె పెద్ద భరోసా ఏముంటుంది?

ముగింపు మారితే కథ పనే మారిపోతుంది. ఎర్ర టోపీ పిల్ల కథను ఫ్రాన్స్‌లో షార్ల్ పెరో 1697లో ప్రచురించినప్పుడు, తోడేలు ఆ పిల్లను తినేయడంతో కథ అయిపోయింది. కింద ఒక నీతి చేర్చాడు. అది వయసొచ్చిన ఆడపిల్లలకు చేసిన హెచ్చరిక, ఇంచుమించు మన బూచి మాటే. గ్రిమ్ సోదరుల 1812 నాటి సంపుటంలో వేటగాడు వచ్చి అమ్మాయిని, అమ్మమ్మను బయటికి తీస్తాడు. తోడేలు అదే, అడవి అదే. నిద్రపోయే ముందు చెప్పదగినది మాత్రం రెండవదే.

హాన్సెల్, గ్రెటెల్ కథలో భయం ఇంకా లోతైనది. కరువు వచ్చి తిండి లేక, తల్లిదండ్రులే పిల్లలను అడవిలో వదిలేస్తారు. 1812లో ఆమె కన్నతల్లే. 1840 ముద్రణకు వచ్చేసరికి సవతి తల్లి అయింది. అమ్మే వదిలేసిందన్న మాట మోయలేనంత బరువు కనుక, చెడ్డతనాన్ని సవతి తల్లిమీదికి నెట్టి, అమ్మను మంచిదానిగా మనసులో కాపాడుకుంటారని మనస్తత్వ విశ్లేషకుల వివరణ. నిజమైన సవతి తల్లులకు దీనివల్ల అన్యాయం జరిగిన మాటా నిజమే. అలాంటి ఇళ్ళలో ఈ కథ చెప్పేవారు కాస్త ఆలోచించి చెప్పాలి.

ఈ వివరణను బాగా ప్రచారంలోకి తెచ్చినది 1976లో వచ్చిన బ్రూనో బెటెల్‌హైమ్ పుస్తకం. 1990లో ఆయన మరణించిన తరువాత ఆయన అర్హతలమీద, ఇతరుల రచననుంచి తీసుకున్న భాగాలమీద, పిల్లలతో ఆయన ప్రవర్తనమీద తీవ్రమైన ఆరోపణలు వచ్చాయి. కనుక విద్యార్థులు ఆయన్ని ప్రమాణంగా కాక, ఒక వాదంగా చదవాలి. అయినా ఒక సలహా మాత్రం తీసుకోదగినదే: కథ చెప్పి, దాని అర్థం పిల్లవాడికి విప్పి చెప్పవద్దు. వాడికి కావలసినది వాడు తీసుకుంటాడు. అదే కథ పదిరోజులు అడిగితే, విసుక్కోకుండా పదిరోజులూ చెప్పండి. ఏం జరగబోతోందో ముందే తెలిసి భయపడటం పిల్లలకు ఒక సాధన. చందమామలో శంకర్ బొమ్మ చూసినవారికి గుర్తుండే ఉంటుంది - భుజంమీద శవం, చేతిలో కత్తి, చుట్టూ శ్మశానం. నెలనెలా అదే బొమ్మ చూసి పిల్లలు జడుసుకోలేదు, విక్రమార్కుడు జడుసుకోలేదు కనుక.

మన కథల్లో ఈ విషయానికి నాకు అన్నింటికంటె విలువైనదిగా తోచేది ఆవు, పులి కథ. పదిహేనవ శతాబ్దంలో అనంతామాత్యుడు భోజరాజీయంలో చెప్పాడు. కన్నడ పిల్లలకు ఇదే పుణ్యకోటి పాట. ఆవు దూడకు పాలిచ్చి వస్తానని పులికి మాట ఇచ్చి ఇంటికి వస్తుంది. దీన్ని సత్యవ్రతం కథగానే బడిలో బోధిస్తాం. అయితే దూడవైపునుంచి కూడా ఒకసారి చదవాలి. దూడ పాలు తాగుతుండగా ఆవు చల్లగా జారుకోలేదు. ఎక్కడికి వెళుతోందో, ఎందుకు వెళ్ళాలో చెప్పింది, ఎలా మెలగాలో బుద్ధులు చెప్పింది, ఏడవనిచ్చింది. ఆ తరువాతే కదిలింది. తెలుగు కథలో పులి మనసు మారి ఆవును వదిలేస్తుంది, కన్నడ పాటలో పులి తన ప్రాణమే వదులుకుంటుంది. రెండింటిలోనూ దూడకు అమ్మ దక్కుతుంది.

మన పిల్లల్లో చాలామంది చదువుకోసం చిన్న వయసులోనే హాస్టలుకు వెళుతున్నారు. వాడు స్నేహితులతో మాటల్లో ఉండగా, ఏడుస్తాడని చెప్పకుండా వచ్చేసే తల్లిదండ్రులు ఉన్నారు. ఆ క్షణానికి ఏడుపు తప్పవచ్చు. కాని వాడు ఆ తరువాత ప్రతిసారీ మీరు కనబడకుండా పోతారేమోనని కనిపెట్టుకుని ఉంటాడు. చెప్పి రండి. మళ్ళీ ఏ ఆదివారం వస్తారో చెప్పండి, ఆ ఆదివారమే వెళ్ళండి. కుదరకపోతే ముందే ఫోను చేసి చెప్పండి. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైనా డాక్టరుకు చూపించాలి, అది కథలతో తీరే పని కాదు.

పెద్ద తరగతుల పిల్లలకు కూడా ఒక బూచాడున్నాడు. "పరీక్ష తప్పితే నీ బతుకు ఇంతే" అన్నమాట వాడే. తప్పితే ఏం జరుగుతుంది? మళ్ళీ పరీక్ష ఎప్పుడు, ఫీజు ఎంత, ఏ సబ్జెక్టు రాయాలి, ఇంట్లో ఎవరు తోడుంటారు? ఇవి కూర్చుని మాట్లాడితే ఆ భయానికి కూడా ఒక కథ, ఒక తరువాతి పేజీ ఏర్పడతాయి.

ఇక, కథ మధ్యలో పిల్లవాడు "ఇది నిజమా?" అని అడిగితే ఏం చెప్పాలి? ఇంగ్లీషు రచయిత టోల్కీన్ దీనిగురించి ఒక మంచి మాట అన్నాడు. చాలాసార్లు పిల్లలు అడుగుతున్నది కథ నిజమా కాదా అని కాదట, అలాంటివి ఇప్పుడు మన ఊళ్ళో ఉన్నాయా, నా పక్కమీద నేను క్షేమంగా ఉన్నానా అని. కనుక సత్యాసత్యాల చర్చలోకి దిగకండి. "ఆ తోడేలు చాలా దూరంలో, ఎప్పుడో ఉండేది. ఇక్కడ లేదు. తలుపు గడియ వేశాను, నేను పక్క గదిలోనే ఉంటాను" అని చెప్పి, దుప్పటి కప్పి, తరువాత ఏమైందో చెప్పండి.