ఊరి పేరు గుడ్డకు పడిన వైనము

మగ్గము దిగిన గుడ్డపై నేసినవాని పేరు ఉండదు. ఊరి పేరు మాత్రము ఒక్కొక్కప్పుడు నిలుచును. అట్టి ఒక పేరును ఈ సంచికలో మన కుటుంబముల ముందు ఉంచుచున్నాము.

పశ్చిమ గోదావరి జిల్లాలో నరసాపురమును ఆనుకొని మాధవాయపాలెము కలదు. 17వ శతాబ్దము చివరి భాగమున ఇంగ్లీషు కంపెనీవారు అక్కడ ఫ్యాక్టరీ నడిపిరి. ఫ్యాక్టరీ అనగా నేటివలె యంత్రశాల కాదు. గుడ్డ కొని, నిలువ చేసి, ఓడకెక్కించు కొట్టు. ఊరి పేరు దొరల నోట తిరుగక ‘మడపొల్లము’ అయినది. కాలక్రమమున అక్కడినుండి వెళ్లిన తెల్లని, మెత్తని సాదా నేత నూలు గుడ్డకే ఆ పేరు స్థిరపడినది. ఫ్రెంచి నిఘంటువులలో సైతము ఆ మాట నేటికిని కలదు. యానాములో ఫ్రెంచి చదివిన మన పెద్దలు ‘మదపోలాం’ అనగానే గుర్తుపట్టగలరు. అది తమకు దగ్గరి ఊరి పేరని ఎందరికి తెలియునో!

ఇక బాధాకరమైన సంగతి. 19వ శతాబ్దములో ఇంగ్లండు మిల్లులు అదే పేరుతో గుడ్డ నేసి, మన దేశమునకే ఎగుమతి చేసినవి. పేరు మన ఊరిది, నూలు మరమగ్గముది, లాభము వారిది. మన ఊరి పేరు పెట్టుకొన్న గుడ్డయే మన మగ్గమునకు పోటీగా సంతకు వచ్చినది.

ఇందుకు తలక్రిందులుగా, నేతపనియే ఊరికి పేరు పెట్టిన చోటు మద్రాసులో కలదు. 1734లో గవర్నరు మార్టన్ పిట్ కూవము ఒడ్డున నేతగాండ్రకై ఒక పేట కట్టించెను. అదే చింతాద్రిపేట. అరవములో ‘తరి’ అనగా మగ్గము; ‘చిన్న తరి పేట’యే అట్లు మారినదని చెప్పుదురు. చింతచెట్టుతో గాని, అద్రితో గాని దానికి పని లేదు! కంపెనీ గుడ్డలను చలువ చేసిన చాకలివారి పేట వణ్ణారపేట.

నేడు ఊరి పేరునకు చట్టరక్షణ కలదు. 1999లో చేసిన భౌగోళిక గుర్తింపు చట్టము 2003 సెప్టెంబరులో అమలునకు వచ్చినది. పోచంపల్లి ఇకత్, ఉప్పాడ జాందానీ, మనవారు ఎందరో నేసిన సోలాపురము చద్దరు ఆ పట్టికకు ఎక్కినవి. మడపొల్లమునకు ఆ రక్షణ కావలసిన కాలమున చట్టము లేదు.