పదకొండు నుంచి నాలుగు దాకా

2025లో ఆంధ్రప్రదేశ్ బడులకు ఏప్రిల్ 24న మొదలైన వేసవి సెలవులు జూన్ 11తో ముగిశాయి. మొత్తం 49 రోజులు. కాస్త అటూఇటుగా ఏటా ఇదే వరస. పల్నాడులో ఈ రోజులన్నీ ఎండ చెప్పుచేతల్లోనే ఉంటాయి. మే నెల వాతావరణ వార్తల్లో రెంటచింతల పేరు వినపడని ఏడాది అరుదు. మాచర్ల, గురజాల, పిడుగురాళ్ల చుట్టూ ఉన్నదంతా సున్నపురాయి, నాపరాయి. ఆ రాయి పగలంతా కాగి, చీకటి పడ్డాక కూడా సెగ కక్కుతూనే ఉంటుంది. పది దాటితే వీధిలో కుక్క కూడా కనపడదు. పిల్లలు ఇంట్లో ఉండక తప్పదు. ఉండి ఏం చేయాలన్నదే పేచీ.

సెలవుల గురించి పేపర్లలో వచ్చే సలహాలు చాలావరకు మహానగరాల పిల్లల్ని చూసి రాసినవే. ఏసీ హాల్లో రోబోటిక్స్, స్విమ్మింగ్ పూల్, డ్రాయింగ్ క్లాసు! నరసరావుపేటలో వాటిలో కొన్ని దొరకొచ్చు. దుర్గిలోనో బొల్లాపల్లిలోనో ఎక్కణ్ణుంచి తేవాలి? పైగా ఫీజు కట్టి దింపివచ్చే క్లాసు గంటా గంటన్నరలో అయిపోతుంది. మిగతా రోజు మిగిలే ఉంటుంది. పొద్దున్నే, సాయంత్రం వీధిలోకి వదిలితే పిల్లలు తమ ఏర్పాట్లు తామే చేసుకుంటారు. చిక్కంతా పదకొండు నుంచి నాలుగు దాకా. రోజుకు ఐదు గంటల చొప్పున 49 రోజులకు 245 గంటలు. సెలవులు బాగా గడిచాయా లేదా అన్నది తేలేది ఈ గంటల్లోనే.

సెలవుల్లో పిల్లలు ఏం పోగొట్టుకుంటారన్న లెక్క అమెరికాలో చాలాకాలంగా నడుస్తోంది. హారిస్ కూపర్, ఆయన సహచరులు అంతకుముందు జరిగిన అధ్యయనాలను కలిపి చూసి 1996లో ఒక మాట తేల్చారు. సెలవుల తరవాత పరీక్ష పెడితే పిల్లలు సగటున ఒక నెల చదువు వెనకబడి ఉన్నారట. పెద్ద దెబ్బ లెక్కలకు. ఏదో ఒక కథల పుస్తకం ఇంట్లో తిరుగుతూనే ఉంటుంది కానీ భాగహారాన్ని సెలవుల్లో పలకరించేదెవరు? నష్టం నిజంగా అంత ఉందా, లేక పరీక్ష పెట్టే పద్ధతి వల్ల అలా కనపడుతోందా అని పాల్ వాన్ హిప్పెల్ వంటి పరిశోధకులు తరవాత గట్టిగానే అడిగారు. ఆ వాదం ఇంకా తెగలేదు. కానీ ఇదే వాన్ హిప్పెల్ మరికొందరితో కలిసి 2007లో ప్రచురించిన ఇంకో పరిశీలన ఉంది. అక్కడి కిండర్‌గార్టెన్, ఒకటో తరగతి పిల్లల్లో ఎత్తుకు తగ్గ బరువును చూపే బీఎంఐ బడి నెలల్లో కంటే వేసవిలోనే వేగంగా పెరిగింది. బడి ఉన్నన్నాళ్ళూ తిండికి ఒక వేళ, ఆటకు ఒక గంట, నిద్రకు ఒక హద్దు ఉంటాయి. సెలవులు రాగానే ఆ మూడూ ఒకేసారి సడలిపోతాయి. లెక్కలు అమెరికావే అయినా, తొమ్మిదింటికి నిద్రలేచి మంచం మీదే చిప్స్ ప్యాకెట్ విప్పే పిల్లలు మన వీధుల్లోనూ కొత్తేం కాదు.

ఐదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్ళు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పల్నాడులో ఆ గంట తెల్లారి ఎనిమిదిలోపు, లేదంటే సాయంత్రం ఐదున్నర తరవాత. నరసరావుపేట పిల్లలకు కోటప్పకొండ మెట్లదారి పక్కనే ఉన్నట్టు లెక్క. చీకటితో బయల్దేరితే ఎండెక్కే లోపు ఎక్కి దిగొచ్చు. మిగతా ఊళ్ళకు చెడుగుడు, ఏడుపెంకులాట, కోతికొమ్మచ్చి ఉండనే ఉన్నాయి. వేసవిలో రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ శాప్ శిక్షణ శిబిరాలు పెడుతుంది. దగ్గర్లో ఉంటే పంపడం మంచిదే. బయట వెలుతురులో తిరగడం కళ్ళకూ మంచిదన్న దానికి చైనాలోని గ్వాంగ్‌ఝౌ బడుల్లో జరిపిన ప్రయోగం సాక్ష్యం. రోజుకు అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపిన పిల్లల్లో మూడేళ్ళలో హ్రస్వదృష్టి వచ్చినవారు 30 శాతం, మామూలుగా ఉన్నవారిలో దాదాపు 40 శాతం. 2015లో ఈ ఫలితాలు బయటికొచ్చాయి. ఎండలో ఆడొచ్చిన పిల్లవాడికి తల తిరుగుతున్నా, వాంతి వస్తున్నా, మాట తడబడుతున్నా నీడకు చేర్చి తడిగుడ్డతో ఒళ్ళంతా తుడుస్తూ ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. పడుకుంటే తగ్గుతుందిలే అనుకోవడం ప్రమాదం.

ఇక ఆ ఐదు గంటలు. పిల్లల్ని ఏదో ఒకదానిలో పెట్టి మరిపించడం అనే విద్యకు పల్నాడులో పాత కథే ఉంది. కారెంపూడిలో పల్నాటి యుద్ధం ముంచుకొస్తుంటే, కొడుకు అటు పోకుండా ఉండాలని ఐతమ్మ బాలచంద్రుణ్ణి బొంగరాలాటలో పెడుతుంది. ఆ బొంగరమే ఎగిరి అన్నమ్మ అనే ఆవిడ కాలికి తగులుతుంది. ఆమె నోటి వెంట యుద్ధం సంగతి బయటపడుతుంది. ఆట మీద మోజు అక్కడితో సరి, కుర్రవాడు కారెంపూడి దారి పడతాడు. వీరగాథ సంగతి పక్కన పెట్టినా ఐతమ్మ ఇబ్బంది ఈనాటి తల్లులకు తెలిసిందే. మరిపించడానికి ఇచ్చిన వస్తువు ఎంతోసేపు పట్టి ఉంచదు. ఫోనూ అంతే. ఒక వీడియో అయ్యాక ఇంకోటి, అదీ అయ్యాక చిరాకు. భారతీయ పిల్లల వైద్యుల సంఘం ఐఏపీ 2021 సూచనల్లో రెండు నుంచి ఐదేళ్ళ లోపు వాళ్ళకు తెర చూడడం రోజుకు గంటకు మించకూడదని, పదేళ్ళ లోపు వాళ్ళకు రెండు గంటల లోపే ఉండాలని హద్దు పెట్టింది. అయితే ఫోన్ లాక్కున్నంత మాత్రాన మధ్యాహ్నం గడవదు. ఇల్లు తనమీద ఆధారపడి ఉన్న పని ఒకటి చేతికొస్తే పిల్లవాడి తీరే వేరు.

లెక్కల సంగతే చూడండి. మే నెలలో ఇంటింటా ఆవకాయ హడావుడి. ఆ కొలతల పెత్తనం ఐదో తరగతి అమ్మాయికో అబ్బాయికో అప్పగించొచ్చు. అమ్మమ్మ లెక్కలో నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ముక్కలు రెండు మానికలు వచ్చాయనుకుందాం. అంటే 32 గిద్దలు. ఆ ఇంట్లో నాలుగు పాళ్ళ ముక్కలకు ఒక పాలు కారం, ఒక పాలు ఆవపిండి, ముప్పాతిక పాలు ఉప్పు అనుకుంటే, కారం ఎనిమిది గిద్దలు, ఆవపిండి ఎనిమిది, ఉప్పు ఆరు. ఆరు గిద్దలంటే సోలన్నర. ఇదే పచ్చడి పెదనాన్న ఇంటికీ కలిపితే ముక్కలు మూడు మానికలన్నర అవుతాయి, అప్పుడెంత? భిన్నాలు, నిష్పత్తులు, మార్పిడులు అన్నీ ఒక్క జాడీలో ఉన్నాయి. ఇంటింటికీ పాళ్ళు మారతాయి కాబట్టి పక్కింటి లెక్కతో పోల్చుకునే పని కూడా తగులుతుంది. ఉప్పు లెక్క తప్పితే టీచర్ ఎర్ర ఇంకు పెట్టదు కానీ జాడీలో బూజు కనపడుతుంది. పిల్లలు ఆ తేడా ఇట్టే పసిగడతారు. ఇది అమ్మాయిలకే అంటగట్టి అబ్బాయిని క్రికెట్‌కు పంపే ఇళ్ళలో మాత్రం సగం లాభం పోయినట్టే.

తిండయ్యాక పులి-మేక. మాచర్ల నాపరాళ్ళు పరిచిన వరండాలో సుద్దముక్కతో కొండ గీసి, శిఖరం నుంచి గీతలు దించి, వాటికి అడ్డంగా గీతలు కలిపితే బల్ల సిద్ధం. 3 పులులు, 15 మేకలు. చింతగింజలు మేకలైతే గులకరాళ్ళు పులులు. మేకలన్నీ బల్ల మీదికి దిగేదాకా ఒక్క మేకా కదలకూడదు, పులులు మాత్రం కదులుతాయి, వెనక ఖాళీ ఉన్న మేక మీంచి దూకి తినేస్తాయి. కొత్తగా ఆడే పిల్లవాడు పులులే కావాలంటాడు. నాలుగు ఆటలయ్యాక మేకల వైపు కూచోబెట్టాలి. ఒక్కొక్కటే పెడుతూ, ప్రతి మేక వెనకా ఇంకో మేకనో అంచునో ఉండేలా చూసుకుంటూ, పులి దూకడానికి సందు లేకుండా ఇరుకున పెట్టాలి. తొందరపడితే ఐదు మేకలు వరసగా పోతాయి. బలం తక్కువున్న వైపు నుంచి ఆలోచించడం, ఎదుటివాడి అడుగు ముందే ఊహించడం, ఓడినా మళ్ళీ గింజలు సర్దుకుని కూచోవడం, ఇవన్నీ వ్యక్తిత్వ వికాసం క్లాసుల్లో డబ్బులిచ్చి వినే పాఠాలే. తాత మనవడి చేతిలో నిజంగా ఓడిపోయే ఆటలు మన దగ్గర చాలా లేవు. ఇది వాటిలో ఒకటి. నేల మీద పడుకుని ఆడితే కింద రాయి చల్లగా ఉంటుంది కూడా.

చదువు మాటకొస్తే, కార్పొరేట్ బడుల బ్రిడ్జి కోర్సులు ఇప్పుడు చిన్న ఊళ్ళకూ వచ్చేశాయి. వచ్చే ఏడు పాఠాలు ఈ ఏడే రుద్దేసే ఈ పద్ధతి పిల్లల కంటే పెద్దల భయాన్ని తీర్చడానికే ఎక్కువ పనికొస్తుంది. దీనికంటే చవకైన దారి రిచర్డ్ అలింగ్టన్, ఆన్ మెక్‌గిల్-ఫ్రాంజెన్ బృందం చూపించింది. అమెరికాలో పేద పిల్లలు ఎక్కువగా చదివే బడుల్లో వరసగా మూడు వేసవులు, ఏటా 12 పుస్తకాల చొప్పున ఇచ్చారు. పాఠం లేదు, పరీక్ష లేదు. ఆ పుస్తకాలు పిల్లలే ఎంచుకున్నారు. ఆ పిల్లలు చదవడంలో మిగతావారి కంటే ముందున్నారని 2010లో ప్రకటించారు. మన శాఖా గ్రంథాలయాల్లో వేసవి విజ్ఞాన శిబిరాలు ఏటా జరుగుతాయి. పొద్దున పూట కథలు చదివించడం, చెప్పించడం, బొమ్మలు గీయించడం వంటివి ఉంటాయి. అక్కడినుంచి ఇంటికి ఏ పుస్తకం తెచ్చుకోవాలో పిల్లల్నే తేల్చుకోనివ్వాలి. పాత చందమామ తెచ్చినా, దెయ్యాల కథలు తెచ్చినా సరే. వినుకొండలో పుట్టిన జాషువా పుస్తకం మనవాడి కంట పడితే ఇంకా సంతోషం. పడకపోతే తొందరేం లేదు.

మధ్యాహ్నాలకు ఇంకో పని పల్నాడులో ప్రత్యేకంగా కుదురుతుంది. నాగార్జునసాగర్ కాలవలకు 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నీళ్ళు వదిలారు. అప్పటికి పదేళ్ళున్న తాతలు, అమ్మమ్మలు ఇప్పుడు డెబ్బై దగ్గర్లో ఉన్నారు. కాలవ రాకముందు ఏం పండేది, జొన్న సంకటిలోకి ఏం నంజుకునేవాళ్ళు, నీళ్ళు ఎంత దూరం నుంచి మోసేవాళ్ళు, మిర్చి ఎప్పుడొచ్చింది? ఈ ప్రశ్నలు నోట్‌బుక్కులో రాసుకుని వీధిలో నలుగురు పెద్దవాళ్ళ దగ్గర కూచుంటే ఒక పిల్లవాడికి వారం రోజుల పని. శ్రీనాథుడు పల్నాటి జొన్నకూటిని ఎందుకంత ఈసడించాడో అప్పుడు సగం అర్థమవుతుంది. ఒకే విషయం ఇద్దరు రెండు రకాలుగా చెప్పినప్పుడు ఏది నమ్మాలన్న ప్రశ్న ఎదురైతే, పాఠ్యపుస్తకంలో చరిత్రను కూడా వాడు ఇంకోలా చదువుతాడు.

ఒక ప్రయాణం కూడా పిల్లల చేతికే ఇచ్చి చూడొచ్చు. సాగర్ జలాశయంలో మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా తవ్వి తీసిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి కట్టడాల్లో కొన్నింటిని అనుపులో తిరిగి నిలబెట్టారు. చుట్టూ మెట్ల వరసలున్న ఆ రంగస్థలం మధ్య నిలబడి ఒకడు మాట్లాడితే పై మెట్టు మీదివాడికి ఎంత వినపడుతుందో పిల్లలే పరీక్షించుకోవచ్చు. మాచర్ల నుంచి తొలి బస్సు ఎప్పుడు, ఎంతమందికి ఎంత టికెట్, నీళ్ళ సీసాలు ఎన్ని, ఎండెక్కే లోపు తిరిగి ఎలా చేరాలి, ఇవన్నీ ఏడో తరగతి పిల్ల తేల్చాలి. పెద్దలు వెంట వెళ్ళాలి, డబ్బులివ్వాలి, నోరు మాత్రం కట్టుకోవాలి. ఇంకో రోజు దుర్గి వెళ్తే రాతిని బొమ్మగా చెక్కేవాళ్ళ చేతులు చూడొచ్చు. జీఐ గుర్తింపు పొందిన కళ అది.

నీళ్ళ దగ్గర మాత్రం ఈ స్వేచ్ఛ పనికిరాదు. ఐదు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లల మరణాలకు ప్రపంచవ్యాప్తంగా మూడో పెద్ద కారణం నీటిలో మునిగిపోవడమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదిక చెబుతోంది. సాగర్ కుడి కాలవ, పాడుబడిన క్వారీ గుంతలు, కృష్ణ ఒడ్డు అన్నీ ఈ జిల్లాలోనే ఉన్నాయి. క్వారీ గుంతలో నీళ్ళు పైకి ప్రశాంతంగా ఉంటాయి, కాలు పెట్టిన చోటే లోతు మొదలవుతుంది. ఈత నేర్పించాల్సిందే. వీపుకు బెండు కట్టి, ఈతొచ్చిన పెద్దవాళ్ళు నీళ్ళలో పక్కనే ఉండి నేర్పాలి. గట్టు మీద కూచుని ఫోన్ చూసే కాపలా కాపలా కాదు.

సెలవులంటే అందరికీ ఖాళీ కాదన్న సంగతి కూడా మరవలేం. మిరప కోతలు, కళ్ళాలు ఏప్రిల్ దాకా సాగుతాయి. వాటి కోసం వలస వచ్చిన కూలీల పిల్లలు చేల గట్ల మీదే వేసవిలోకి అడుగుపెడతారు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని కూలికి పెట్టుకోవడాన్ని 2016 సవరణతో చట్టం పూర్తిగా నిషేధించింది. సొంత ఇంటి పనిలో సాయం చేయడం వేరు, ఎండలో కూలికి పోవడం వేరు. ఊళ్ళో గ్రంథాలయ శిబిరానికి డబ్బు కట్టనక్కర్లేదు కాబట్టి మన పిల్లల్ని పంపేటప్పుడు కళ్ళం దగ్గరున్న ఆ ఇద్దరు ముగ్గుర్నీ వెంట తీసుకెళ్ళడం ఎవరి వల్లనైనా అవుతుంది. బ్రహ్మనాయుడి చాపకూడు గురించి పాఠంలో చదివే పిల్లలకు ఒకే చాప మీద కూచునే అవకాశం అలా దొరుకుతుంది.

జూన్ మొదటి వారం వచ్చేసరికి పిల్లలు పదకొండింటికి పడుకోవడం, ఎండెక్కాక లేవడం అలవాటు పడి ఉంటారు. బడి తెరిచే ముందురోజు రాత్రి తిట్టి పడుకోబెడితే నిద్ర పట్టదు. పది రోజుల ముందునుంచే రోజుకో పావుగంట ముందుకు జరుపుకుంటూ రావాలి. పొద్దున ఆట ఆరింటికి మొదలైతే రాత్రి నిద్ర దానంతటదే దారికొస్తుంది. అప్పటికి ఆవకాయ ఊరి ఉంటుంది, గ్రంథాలయం పుస్తకాలు వెనక్కివ్వాల్సిన తేదీ దాటిపోయి ఉంటుంది. ఆ పుస్తకాలు తిరిగిచ్చే పని కూడా తెచ్చుకున్నవాళ్ళదే.