తేదీ చూసి సంతకం పెట్టు

తెనాలి,
20-8-2023, ఆదివారం

చి. బంగారుతల్లికి తాతయ్య ఆశీస్సులు.

మీ అమ్మ ఫోనులో అంతా చెప్పింది. అమెరికా సుప్రీంకోర్టుకు తొమ్మిది మంది జడ్జీలు చాలరు, ఇంకో నలుగుర్ని వెయ్యాలని కాలేజీలో సంతకాలు సేకరిస్తున్నావట. రాత్రిళ్లు అన్నం మానేసి బ్రెడ్డు ముక్కలతో సరిపెడుతున్నావట. నీ వీసా ఏమవుతుందోనని మీ నాన్న దిగులు, నీ ఒళ్లు ఏమవుతుందోనని నానమ్మ దిగులు. తాతయ్య దిగులు వేరే. నువ్వు ఫొటో తీసి పంపిన ఆ కరపత్రం మీద ఎక్కడా తేదీ లేదు.

నవ్వకు. నీకు తెలుసుగా, ప్లీడరు గుమస్తాగా బతికినవాడికి తేదీ తర్వాతే దేవుడు. కుర్రతనంలో ఒకనాడు ఆఫీసుకు ఒక రైతు ప్రోనోటు పట్టుకొచ్చాడు. మడతల్లో పొగాకు వాసన. ప్లీడరుగారు ముందువైపు చదవనే లేదు, తిప్పి వెనక చూశారు. బాకీ కట్టినట్టు చెల్లు ఏమీ రాసి లేదు. రాసిన తేదీ నుంచి లెక్కేస్తే మూడేళ్ల గడువు దాటి నాలుగు రోజులు. అప్పు నిజం, సంతకం నిజం, సాక్షులూ నిజమే. దావా మాత్రం నిలవదు. ఆ రైతు మెట్లమీద కూర్చుని చుట్ట వెలిగించుకోబోతే చేతులు వణికి అగ్గిపుల్ల అంటుకోలేదు. వెలిగించి ఇచ్చింది మీ తాతయ్యే. సరే, ఆ కథ ఇప్పుడెందుకులే.

ఇక మీ కోర్టు సంగతి. తొమ్మిది అనే అంకె ఆ రాజ్యాంగంలో లేదు, నువ్వన్నది నిజమే. 1789లో ఆరుగురు. 1863లో పదిమంది. 1866లో ఏడుకు తగ్గిస్తూ చట్టం చేశారు. ఎందుకట? అప్పటి అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్‌కు, కాంగ్రెసుకు ఉప్పూ నిప్పూ. ఖాళీలు ఆయన చేతిలో పడకూడదు. 1869లో గ్రాంట్ అధ్యక్షుడిగా రాగానే తొమ్మిది! తేదీలు పక్కపక్కన పెట్టి చూడు, ఎవరూ చెప్పకుండానే మతలబు తెలిసిపోతుంది.

అసలైన పాఠం 1937 ఫిబ్రవరి 5న మొదలైంది. అంతకు ముందు నవంబరు ఎన్నికల్లోనే 48 రాష్ట్రాల్లో 46 గెలిచిన ఊపులో ఉన్నాడు అధ్యక్షుడు రూజ్వెల్టు. తాను తెచ్చిన చట్టాల్ని కోర్టు ఒకదాని తర్వాత ఒకటి కొట్టేస్తోందని ఆయన మంట. పైకి చెప్పిన కారణం మాత్రం వేరు: జడ్జీలు ముసలివాళ్లయ్యారు, పని సాగడం లేదు. అందుకని డెబ్బై దాటీ దిగిపోని ప్రతి జడ్జీకీ ఒక కొత్త జడ్జీ చొప్పున ఆరుగురి దాకా వేస్తానన్నాడు. (ఆ లెక్కన మీ నానమ్మకు ఈపాటికి ఇంకో తాతయ్యను కూడా భరించాల్సి వచ్చేది.) నొచ్చుకున్నవాళ్లలో ఎనభై ఏళ్ల జడ్జీ బ్రాండైస్ ఉన్నాడు, ఆయనేమో సంస్కరణలకు పేరుపడ్డ మనిషి. ప్రధాన న్యాయమూర్తి హ్యూస్ మార్చిలో సెనేటర్ వీలర్‌కు ఉత్తరం రాశాడు: పని ఏమీ వెనకబడలేదు, పైగా మనుషులు పెరిగితే వినేవాళ్లు, చర్చించేవాళ్లు పెరిగి ఆలస్యమే అవుతుంది అని. జులై 22న సెనేట్ 70-20 ఓట్లతో బిల్లును కమిటీకి తిప్పిపంపింది. అక్కడ బ్రహ్మాండమైన మెజారిటీ ఎవరిదనుకున్నావు? రూజ్వెల్టు పార్టీదే.

ఆ మార్చి 29నే కనీస వేతనాల కేసులో కోర్టు 5-4తో ప్రభుత్వాల వైపు మొగ్గింది. రాబర్ట్స్ అనే జడ్జీ బెదిరి అటు దూకాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ ఆ కేసులో ఆయన తన అభిప్రాయం చెప్పేసింది అంతకు ముందు డిసెంబరులో, బిల్లు ఊసు బయటికి రాకముందే. ఎన్నికల ఫలితం చూసి మారాడా అంటే అది వేరే తగాదా. చూశావా, తేదీ చూడకుండా మాట్లాడితే ఎంత తప్పు ప్రచారంలో పడిపోతుందో!

మన దగ్గర 1950లో ఎనిమిది మంది, 2019కి 34. పెంచినప్పుడల్లా అంత రభస లేదు. ఇక్కడ ఇద్దరు ముగ్గురు కలిసి బెంచీలుగా కూర్చుంటారు, మనుషులు పెరిగితే కేసులు కదులుతాయి. అక్కడ తొమ్మిది మందీ కలిసే వింటారు, కాబట్టి పెంచితే మారేది పని కాదు, తీర్పు. అలాగని మనవాళ్లు శుద్ధులేం కాదు. 1973 ఏప్రిల్ 24న, పార్లమెంటు రాజ్యాంగాన్ని ఎలాపడితే అలా మార్చలేదని కేశవానంద భారతి కేసులో 7-6తో తేలింది. ఆ ఏడుగురిలో మన పి. జగన్మోహన్ రెడ్డి గారొకరు. మర్నాటి సాయంత్రం ఆఫీసులో రేడియో పెట్టి ఉంది. సీనియర్లు షెలత్, హెగ్డే, గ్రోవర్లను దాటేసి ఎ.ఎన్. రేను ప్రధాన న్యాయమూర్తిని చేశారన్న వార్త. ప్లీడరుగారు కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టి, "ఒక్కరోజు ఆగలేకపోయారా!" అన్నారు. కుర్చీ ఒక్కటీ పెరగలేదు, వరస మారింది.

నీ కోపం తాతయ్యకు అర్థం కాదనుకోకు. 2016లో జడ్జీ స్కేలియా పోయాక ఆ ఖాళీకి మార్చి 16న ఒబామా గార్లండ్ పేరు పంపితే, ఎన్నికలున్నాయంటూ సెనేట్ విచారణే పెట్టలేదు. 2020లో సెప్టెంబరు 18న జడ్జీ గిన్స్‌బర్గ్ పోతే, ఎన్నికకు ఎనిమిది రోజుల ముందు బారెట్ నియామకాన్ని అదే సెనేట్ ఖరారు చేసింది. అది అన్యాయమే. నీ వైపు ఇంత గట్టి తేదీలు ఉండగా ఆ కరపత్రంలో ఒక్కటీ లేకపోతే ఎలాగే తల్లీ?

నీ అభిప్రాయం మార్చుకోమని కాదు. 2021 ఏప్రిల్‌లో వచ్చిన బిల్లు నలుగుర్ని చేర్చి 13 చెయ్యమంది. అది చట్టమైతే గద్దె మీదున్న అధ్యక్షుడే అందర్నీ వేసుకోవచ్చు. రేపు అవతలివాళ్లు గెలిస్తే 13ను 17 చెయ్యరా? రాబోయే ఎన్నికల్లో ఎవరు గెలుస్తారో తెలియకముందే, ఇవాళే చట్టం చేసి, 2025 జనవరి తర్వాతే అమలు చెయ్యాలని సంతకాల కాగితంలో రాసి ఉంటే ధైర్యంగా సంతకం పెట్టు, నలుగురి చేతా పెట్టించు. వెంటనే అమలు అని ఉంటే పెట్టకు. ఏ సంగతీ రాసి లేకపోతే, తేదీ వేసి పట్టుకు రమ్మని ఆ కాగితం నీ స్నేహితుల చేతికే తిరిగి ఇచ్చెయ్యి.

శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. ఆ రోజైనా బ్రెడ్డు మానేసి ఇంత పరమాన్నం వండుకో. బియ్యం, పాలు, బెల్లం ఎన్నెన్నో నానమ్మ ఫోనులో చెబుతుంది, ఫోను ఎత్తు.

తాతయ్య