తరుగు ధరలో వేసుకో, కాటాలో కాదు

అల్లుడూ, కిరాణా కొట్టు పెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. ‘అరువు రేపు’ బోర్డు రాయించేలోపు ఇవి చదువుకో. సాయంత్రం రద్దీలో మనసు మన మాట వినదురా. అందుకే నిజాయితీని మనసుకు వదిలేయకుండా కొట్టు అమరికలోనే పెట్టుకోవాలి.

1. కాటా అంకెలు కొనేవాళ్లకూ కనపడాలి. ఎలక్ట్రానిక్ కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఏటా వేయించు. ముద్ర ఉన్న కిలో రాయి ఒకటి దగ్గర పెట్టుకుని పొద్దున్నే కాటా సరిచూసుకో. ఖాళీ డబ్బా పెట్టి, సున్నా చేశాకే సరుకు పొయ్యి. జీడిపప్పు కిలో వెయ్యి అనుకుంటే, 20 గ్రాముల డబ్బాతో కలిపి తూస్తే 20 రూపాయలకు డబ్బా అమ్మినట్టే, అదీ చెప్పకుండా.

2. అసలు చిక్కు తరుగు దగ్గర. చింతపండు ఎండకు ఆరి తగ్గుతుంది. బెల్లం వానాకాలంలో కారుతుంది. పప్పు జల్లిస్తే మట్టీ నూకా పోతాయి. 50 కిలోల బస్తా విప్పి 50 కిలోలూ అమ్మినవాణ్ణి నేను చూడలేదు. ‘నాకు పోయింది కదా, పొట్లానికి పది గ్రాములు తగ్గిస్తే ఏం?’ అనిపించేది ఇక్కడే. అది దొంగతనంలా కూడా తోచదు, లెక్క సరిచేసుకున్నట్టే ఉంటుంది. ఒక్కో సరుకులో ఒక బస్తా మొదట్నుంచి చివరిదాకా రాసి, ఎంత పోతోందో చూడు. ఆ నష్టం కిలో ధరలో వేసుకో. పక్క కొట్టుకంటే రూపాయి ఎక్కువైతే అదే చెప్పు, బేరం పోతే పోనీ. ధర ఎక్కువైతే కొనే ఆవిడ వద్దనగలదు. తూకం తగ్గిస్తే వద్దనే వీలే ఆవిడకు లేదు.

3. ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. కూలింగ్ చార్జీ అంటూ రెండు రూపాయలు గుంజకు. జీఎస్టీ కాంపోజిషన్ పథకంలో చేరితే (ఏడాది టర్నోవర్ 1.5 కోట్ల దాకా వీలుంది) 1 శాతం పన్ను నీ జేబులోంచే కట్టాలి, బిల్లులో వేయకూడదు.

4. అరువు ఇవ్వక తప్పదు, బోర్డు ఏమన్నా సరే. రాసేటప్పుడు పైకి చదువు. నీ దగ్గరొక పుస్తకం, వాళ్ల దగ్గరొకటి. సరుకులకు పిల్లాడొస్తే వాడి ముందు బాకీ ఎత్తకు. అది మర్యాదే గానీ నిజాయితీ ఎలా అవుతుందంటావా? బాకీ చేసింది వాడు కాదు కదా.

5. డేటు దాటినవి విడిగా పెట్టెలో పడెయ్యి. ఏజెన్సీవాళ్లు తీసుకోకపోతే పారెయ్యి.

6. చిల్లరకు బదులు చాక్లెట్ ఇవ్వకు.

7. పనిలో పెట్టుకున్న కుర్రాడికి జీతం చెప్పిన తారీఖునే ఇవ్వు. వాడికి తూకం తగ్గించడం నువ్వు నేర్పితే, గల్లాలో చెయ్యి పెట్టడం వాడే నేర్చుకుంటాడు.

8. ఇంటికి పట్టుకెళ్లే నూనె ప్యాకెట్టూ పద్దులో పడాలి. లేకపోతే కొట్టు లాభంలో ఉందో లేదో నీకే తెలియదు. ‘మన కొట్టే కదరా’ అని మా అక్క అడ్డం తిరుగుతుంది, నాకు తెలుసు. ఆవిడ పేరునే ఒక ఖాతా తెరువు.