కట్టివేయుట కాపాడుట యగునా?
(యోహాను 21:18)

పేతురు ముసలివాడైనప్పుడు ఇతరుల చేతులలో పడునని ప్రభువు ముందుగానే తెలిపెను. అది అతని మరణమును గూర్చిన మాటయే. అయినను వృద్ధులను కనిపెట్టుకొని యుండువారు దీనిని ఆలోచింపవలెను.

అమెరికాలో దుర్బలులైన వృద్ధులు నివసించు నర్సింగు హోములు అనేకము కలవు. మన పట్టణములలో ఆ పేరుగల చిన్న ఆసుపత్రులవంటివి కావు సుమా. పూర్వము అక్కడ, పడిపోవుదురను భయముచేత, ముసలివారిని కుర్చీలకు, మంచములకు పట్టీలతో కట్టెడివారు. 1987లో చేసిన చట్టము ప్రభుత్వ ద్రవ్యము పుచ్చుకొను హోములకు కట్టడి విధించెను. పనివారి సౌకర్యముకొరకు గాని శిక్షగా గాని ఎవరిని కట్టరాదు, మందులతో మత్తులో ఉంచరాదు. వ్యాధి లక్షణమునుబట్టి వైద్యుడు వ్రాసియిచ్చిననే తప్ప వీలులేదు. సహాయకులకు కనీసము 75 గంటల శిక్షణ కావలెను. తనిఖీదారులు ముందుగా తెలుపకయే వచ్చి, అధికారులనే గాక ఆ వృద్ధులనే అడుగుదురు. ఇది నాకు మిక్కిలి నచ్చినది.

కట్టుటవలన క్షేమమా? కదలనివారి కాళ్లు సత్తువ కోల్పోవును, ఒంటిపై పుండ్లు పడును. పట్టీలలో చిక్కి చనిపోయినవారును కలరు. తాతగారు ఏల లేచుచున్నారని ముందు అడుగవలెను. తరచుగా మూత్రమునకే! వేళకు చేయిపట్టి తీసికొనిపోయిన చాలును.

మన యిండ్లలోను రాత్రివేళ చీకటిలో గడప తట్టుకొని పడు అవ్వలున్నారు. ఆమె మంచము ప్రక్కన ఒక దీపమును, చేతికఱ్ఱను ఈ రాత్రియే ఉంచుడి.